నాయన వయసు దాటే దారిలో

మొదటి రోజు: కర్నూలు, పత్తికొండ, గుత్తి

మా నాయన 16,540 రోజులు బతికినాడు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి లీపు సంవత్సరాలు కూడా కలుపుకొని లెక్కేసినాను. ఒక్కసారి కాదు, ఎన్నిసార్లో. 45 ఏళ్ల 3 నెలల పైచిలుకు. చేలో మోటరు ఆపడానికి పోయి బోరు దగ్గరే కూలబడినాడు. అప్పుడు నాకు 19. ఈ సంక్రాంతి సెలవుల్లో, సరిగ్గా భోగికి ముందు రోజు, నాకూ 16,540 నిండుతాయి.

ఏడాదిన్నర కిందట బోర్డు మీద లెక్క చేస్తుండగా ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. పిల్లల ముఖాలు మసకబారినాయి. ఇదే, వచ్చేసింది అనుకున్నాను. ఈసీజీ తీసినారు, ఎకో తీసినారు, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించినారు. అన్నీ బాగున్నాయి అన్నారు. ఆ మాటతో నాలుగు రోజులు హాయిగా నిద్రపోయినాను. ఐదో రోజు మళ్లీ మొదలు. కరోనా నాటి ఆక్సీమీటరు జేబులో పెట్టుకొని తిరగడం అప్పటినుంచే అలవాటయింది. క్లాసుకు క్లాసుకు మధ్య వేలికి తగిలించి చూసుకునేవాణ్ణి.

గుండెకు ఏమీ లేదని తేలినాక కర్నూల్లోనే ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పోయినాను. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. భయపడినప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కేది, తల తిరిగేది అందుకే. ఆ తిమ్మిరి చూసి మళ్లీ భయపడతాం. మామూలుగా పది నిమిషాల్లో అది పతాక స్థాయికి పోయి, దానంతటదే దిగుతుంది. 'దిగేలోపల నాడి పట్టుకొని చూడొద్దు. చూసిన ప్రతిసారీ, చూసుకున్నాను కాబట్టే బతికినానని నీ మెదడు అనుకుంటుంది' అంది. అర్థమయింది. అర్థమయినంత మాత్రాన చెయ్యి మాట వినలేదు.

పండక్కి ఎట్లాగూ జమ్మలమడుగు దగ్గర మా ఊరికి పోవాలి. ఇంటామె, పిల్లలు భోగి సాయంత్రం బస్సుకు వస్తామన్నారు. నేను నాలుగు రోజులు ముందే బయలుదేరినాను, మా మేనమామతో. నలభై ఏళ్లు లారీ తోలిన మనిషి. నేను రాసిచ్చిన ఊర్ల పేర్లు చూసి, "ఏందల్లుడా, అన్నీ సావుల సోట్లే ఏరినావే?" అన్నాడు. నిజమే. ఏడాదిన్నరగా చావు అనే మాట ఎదురైతే పేపరు పేజీ తిప్పేసినాను, తెలిసినవాళ్ల దినాలకు పోకుండా సాకులు చెప్పినాను. ఇంక తప్పించుకోగూడదనే ఆ పేర్లు రాసినాను. కారణం మామకు చెప్పలేదు. రోజుల లెక్క అసలే చెప్పలేదు.

కర్నూల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయలుదేరితే ఎండెక్కేలోపు పత్తికొండ చేరినాం. 1827 జూలై 6న థామస్ మన్రో చనిపోయింది ఇక్కడే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాక ఏడేళ్లు దీనికి పెద్ద కలెక్టరుగా ఉన్నాడు. ఊరూరా గుడారం వేసుకొని పొలాలు కొలిపించి, నేరుగా రైతు నుంచే తీసుకునే రైతువారీ పన్ను పెట్టినాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే మనవాళ్లలో ఆయనకు ఎంత గురి కుదిరిందో చూడండి. మద్రాసు గవర్నరు పని ముగించుకొని ఇంగ్లండు పోయే ముందు, ఈ సీమను ఒకసారి కళ్లారా చూసి పోదామని వచ్చినాడు. హైదరుతో, టిప్పుతో జరిగిన యుద్ధాల్లో బతికి బయటపడిన మనిషి. పత్తికొండలో కలరా తగిలి ఆ రోజు రాత్రికే పోయినాడు. వయసు 66. కలరా నీళ్ల నుంచి వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడైతే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు, అవసరమైతే సెలైను ఎక్కించి చాలామందిని నిలబెట్టుకుంటున్నాం. ఆయన గుర్తుగా అప్పటి సర్కారు అక్కడ తోపు వేయించి, మెట్ల బావి తవ్వించింది.

గుత్తి కోట కింద ఇంగ్లీషువాళ్ల సమాధుల తోటలో మొదట ఆయన్ను పూడ్చింది. తర్వాత ఎముకలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయినారు. మేము చేరేసరికి పొద్దు వాలింది. పొద్దున లేచిన మనిషి రాత్రికి లేడు అన్న మాట తలలో తిరుగుతూనే ఉంది. చెయ్యి జేబులోకి పోయింది. ఆక్సిజన్ 97. నాడి 104. మామ చూసినాడు, ఏమీ అనలేదు.

రెండో రోజు: గుత్తి, అనంతపురం, తిమ్మమ్మ మర్రిమాను

అనంతపురం దాటి కదిరి మీదుగా మర్రిమాను దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమయింది. దాదాపు ఐదెకరాలు కమ్ముకున్న ఒకే చెట్టు. ప్రపంచంలోనే పెద్ద మర్రి అని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. భర్త బాల వీరయ్య చితిలో తిమ్మమ్మ 1433లో సహగమనం చేసిందనీ, ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయిందనీ చెప్తారు. ఒక ఆడమనిషి నిప్పుల్లో కాలిపోవడాన్ని పుణ్యమని నేను చదవలేను. ఆమె గుడి ముందు చేతులు జోడించినాను, ఆ ఆచారానికి మాత్రం కాదు.

నన్ను పట్టి నిలిపింది వేరే ఉంది. ఊడలు. వెయ్యికి పైగా ఉన్నాయంటారు. కొత్త ఊడ కొమ్మ నుంచి వేలాడుతూ దిగుతుంది, పురికొస అంత సన్నం. గాలికి ఊగుతుంది, మేకలకు అందుతుంది. అందుకని వెదురు బొంగును నిలువునా చీల్చి, అందులో మట్టీ ఎరువూ నింపి, ఊడను దాంట్లోకి దించి కట్టినారు. ఆ బొంగులోనే పెరిగి నేలను తాకి, లోపలికి దిగి, కొన్నేళ్లకు అదే ఇంకో మాను అవుతుంది. నేను ఒక బొంగు పక్కన గొంతు కూర్చొని లోపలికి చూసినాను. ఊడ కొస లేతగా, పాలమీగడ రంగులో తడితడిగా ఉంది. ఇది నేలకు చేరేది ఎప్పుడో. కట్టిన పనివాళ్లలో ఎంతమంది దాన్ని మాను అయ్యాక చూస్తారో. అయినా తాడు బిగువుగా, ముడి పద్ధతిగా ఉంది. అరగంట దాకా జేబు గుర్తు రాలేదు. గుర్తు రాలేదని గుర్తు వచ్చిన క్షణానే మళ్లీ చెయ్యి పోయింది, అది వేరే సంగతి.

రాత్రి కదిరిలో లాడ్జి. రెండు గంటలకు మెలకువ వచ్చింది. ఈ గదిలో పోతే మామ ఒక్కడే ఎట్లా తీసుకుపోతాడు అని మొదలైంది. శవం ఎక్కించే బండి, ఇంటికి చేసే ఫోను, పిల్ల పరీక్షలు. అంత దూరం పోయింది ఆలోచన. బయటికి వచ్చి వరండాలో నిలబడి 14416కు ఫోను చేసినాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. ఫోనుకు డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతారు. ఎత్తిన అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. మీకు ఏమీ కాదు అని ఆమె అనలేదు. అందరూ ఆ మాటే అంటారు, అది పది నిమిషాలు కూడా నిలవదు. ఊపిరి వదిలేటప్పుడు ఆరు దాకా లెక్కపెట్టమంది. తర్వాత అడిగింది: "ఈ భయం గురించి ఇంట్లో ఎవరికి తెలుసు, సార్?" జవాబు లేక నేను ఊరికే నిలబడినాను. ఎవరికీ తెలియదు.

మూడో రోజు: కదిరి, పులివెందుల, మా ఊరు

వేమన సమాధి ఉన్న కటారుపల్లికి పోవాలని రాసుకున్నాను గానీ పోలేదు. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. పులివెందుల మీదుగా నేరుగా ఊరికి.

అమ్మ సంగటి కెలికింది. చెనిక్కాయల ఊరిబిండి, వంకాయ పులుసు. పక్కన కూర్చొని నేను తినేదే చూస్తా ఉంది. చెయ్యి కడుక్కుంటుంటే, "నాయన సమాధి కాడికి పోయొద్దామా?" అంది. ఎండగా ఉంది, రేపో ఎల్లుండో పోదాం లేమ్మా అన్నాను. రెండేళ్లుగా ఇదే చెప్తున్నాను. అంతకు ముందు కూడా పోయి టెంకాయ కొట్టి, రెండు నిమిషాలు నిలబడి వచ్చేసేవాణ్ణి. ఆమె మళ్లీ అడగలేదు.

నాలుగో రోజు: బెలుం, జ్వాలాపురం

ఇది ఆ రోజు. 16,540.

ఇంట్లో కూర్చుంటే గడియారమే చూస్తానని తెలిసి, బెలుం గుహలకు పోదాం అన్నాను మామతో. కొలిమిగుండ్ల దగ్గర. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. దారి పొడవునా నాపరాయి గనులు. రోడ్డు పక్కన బండలు పుస్తకాల్లా ఆనించి పెట్టి ఉంటాయి.

భూమి లోపలి నీళ్లు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయి చేసిన దారులు ఇవి. నీళ్లు వెళ్లిపోయినాయి, దారులు మిగిలినాయి. మొత్తం 3,229 మీటర్లు అని కొలిచినారు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనలను పోనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాసినాడు. దాదాపు వందేళ్ల తర్వాత గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి లోపలంతా కొలిచి పటాలు గీసినాడు. పాతకాలంలో బౌద్ధ భిక్షువులు ఉన్న ఆనవాళ్లు దొరికినాయి. ధ్యానమందిరం అని ఒక చోటు చూపిస్తారు. శవం కుళ్లి ఎముకలయ్యేదాకా మనసులో చూస్తూ కూర్చోవడం కూడా బౌద్ధుల ధ్యానాల్లో ఒకటి. ఒకప్పుడు అది చదివి పుస్తకం మూసేసినాను.

మెట్లు దిగి వంద అడుగులు నడిచేసరికే చొక్కా ఒంటికి అతుక్కుంది. లోపలికి గాలి పంపే గొట్టాలు పెట్టినారు, అయినా ఉక్క. పసుపు దీపాలు. అన్నిటికన్నా లోతు పాతాళగంగ. పైనుంచి 46 మీటర్లు. అక్కడ సన్నటి నీటిపాయ ఒకటి రాళ్లలోకి పోయి మాయమవుతుంది. ఆ దారి ఇరుకు. ముందు ఎవరిదో కుటుంబం, వెనక స్కూలు పిల్లలు. సగం దారిలో వచ్చింది. ముందు వేళ్లు, తర్వాత పెదాలు. గుండె పరుగు. వెనక్కు పోదామంటే పిల్లల వరస. ఈ రోజే, ఈ చోటే, నాయన లాగే అని లోపల ఎవరో చెప్తున్నంత స్పష్టంగా ఉంది.

గోడకు ఆనుకున్నాను. చెయ్యి జేబులోకి పోయి ఆక్సీమీటరును పట్టుకుంది. పట్టుకొనే ఉన్నాను, బయటికి తీయలేదు. గోడ తడిగా, నున్నగా, ఒంటి వేడికి దగ్గరగా ఉంది. ముక్కుతో తీసుకుని, నోటితో వదులుతూ ఆరు. మళ్లీ ఆరు. పిల్లలను పోనిచ్చి మామ నా పక్కకు వచ్చినాడు.

"ఏమప్పా, కళ్లు తిరుగుతాండాయా?"

"మామా, నాయన ఎన్ని రోజులు బతికినాడో అన్ని రోజులు నాకు ఈ పొద్దుకు అయితాయి."

ఎంత కాలంగా దాచిన మాటో, ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. మామ దీపం వైపు చూస్తా కాసేపు ఊరకున్నాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"ఆ పొద్దు మధ్యాన్నం మీ నాయన నాతోనే కూసోని అన్నం తిన్నాడు. నీకు తెల్సా?"

తెలియదు.

"లారీ మీ ఊరి మింద పోతాంటే నిలబెట్టినా. మీ అమ్మ అలసంద వడలు చేసింది. నీ హాస్టలు డబ్బు లెక్కేసి, ఇంకొక్క ఏడు బావా, వాడు డిగ్రీ అయిపోతే నేను బోరు కాడ మంచం ఏసుకోని పండుకుంటా అని నవ్వినాడు. శనక్కాయ మంచి రేటు పోయిందని సంతోషంగా ఉండ్య. మూడు దినాల ముందే రొమ్ములో నొప్పి వచ్చింటే అరగలేదని సోడా తాగినాడంట. దినానికి రెండు కట్టలు బీడీలు కాల్చే మనిషి. ఆస్పత్రికి పోదామని ఎవురికీ తోచల్యా."

26 ఏళ్లు. ఆయన బతికిన రోజులన్నీ లెక్కపెట్టినాను గానీ ఆ చివరి రోజు ఎట్లా గడిచిందని ఎవరినీ ఒక్కసారి అడగలేదు. నాకు తెలిసిందల్లా హాస్టలుకు వచ్చిన ఫోను, మీ నాయనకు బాగలేదు రా అన్న అబద్ధం, వాకిట్లో పాడె. వడలు తిన్నాడనీ నవ్వినాడనీ తెలియదు. నన్ను ఉక్కిరిబిక్కిరి చేసిన ఆ తేదీలో మధ్యాహ్నం కూడా ఒకటి ఉందని నాకు తోచనే లేదు.

ఎంతసేపు నిలబడినామో తెలియదు. పది నిమిషాలే అయ్యుంటుంది. తిమ్మిరి వేళ్ల కొసల నుంచి పోయింది. అప్పుడే బయటికి పోదామా అన్నాడు మామ. వద్దు, నీళ్ల దాకా పోదాం అన్నాను. పోయినాం. వంగి, ఆ పాయలో చెయ్యి పెట్టినాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రొమ్ములో నొప్పి మొదటిసారి వచ్చినవాళ్లు ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, ముందు ఆస్పత్రికి పోవాలి. మా నాయన సోడా తాగినాడు. నేను పరీక్షలన్నీ అయినాకే ఆ గోడకు ఆనుకొని నిలబడగలిగినాను.

సాయంత్రం బనగానపల్లె పక్కన జ్వాలాపురం దాకా పోయినాం. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అనే అగ్నిపర్వతం పేలితే, సముద్రం దాటి వచ్చిన బూడిద జుర్రేరు లోయలో పడింది. వాన కొట్టుకొచ్చి, కొన్నిచోట్ల రెండు మీటర్ల పైన మందం. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా వాళ్ల బృందం తవ్వితే బూడిద కింద రాతి పనిముట్లు దొరికినాయి, బూడిద పైనా దొరికినాయి. ఆ పనిముట్ల పోలికలు పెద్దగా మారలేదు, అంటే ఇక్కడి మనుషులు ఆ పేలుడును తట్టుకొని ఉంటారని 2007లో వాళ్లు రాసినారు. గట్టు అంచున చిటికెడు తీసి అరచేతిలో రాసినాను. పౌడరు మాదిరి మెత్తగా, గీతల్లోకి దిగిపోయింది. మామ ఊది, "ఇదేంది, అంట్లు తోమే పొడి మాదిరుంది" అన్నాడు.

ఇంటికి చేరేసరికి పది దాటింది. పన్నెండు దాకా మేలుకొని చూడాలనుకున్నాను. మంచం మీద నడుము వాల్చినది గుర్తుంది, తర్వాత కోళ్ల కూత.

ఐదో రోజు: చేను

భోగి. వీధిలో పాత చాపలు, చింపిరి కట్టెలు కాలుతున్నాయి. 16,541 అని మనసులో అనుకున్నాను. గుండె దడదడలాడింది, మునుపంత కాదు. పోయిందని చెప్పను. మళ్లీ వస్తుంది. ఆక్సీమీటరు కారులోనే ఉంది.

రేపు పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకునేది కాబట్టి ఈ రోజు సమాధి బాగు చేసుకోవాలి. అమ్మ, నేను, మామ బకెట్లో సున్నం, కుంచె తీసుకొని పోయినాం. బుడ్డశనగ కాయ పట్టి ఉంది, ఆకు తగిలితే కాళ్లకు పులుపు అంటుతుంది. బోరు పక్కనే నాపరాళ్లతో కట్టిన సమాధి. సందుల్లో గరిక మొలిచింది. అమ్మ చీర చెంగు నడుముకు చెక్కి కూర్చొని వేళ్లతో పీకడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చొన్నాను. వేళ్లు పెట్టి లాగితే వేరు రాయి కిందికి పోయి ఉంది, రాదు. మామ కొడవలి కొస ఇచ్చినాడు.

"అమ్మా, ఆ పొద్దు నాయన వడలు తిన్నాడంటనే?"

ఆమె చెయ్యి ఆగింది. "ఏడు తిన్నాడు. కారం తక్కువైంది అన్నాడు." కొంచెం సేపు గరిక పీకి, మళ్లీ అంది, "ఇన్నేండ్లకు అడిగినావు, నాయనా."

ఆమె ఇంకా చాలా చెప్పింది. అది మా ఇంటి మాట, ఇక్కడ రాయను. మధ్యలో లేచి, సమాధికి కుడి పక్క నేలను కాలితో తట్టింది. "ఇది నా చోటు. బోరు కాడ తడి ఎక్కువ. నాకు కట్టేటప్పుడు అడుగున గట్టి రాళ్లేయించు, కుంగకుండా." రెండు నెలల కిందట ఆ మాట విని ఉంటే అట్లాంటివి మాట్లాడొద్దు అని కసిరి లేచి పోయేవాణ్ణి. "ఎన్ని అడుగులు వదలాల?" అని అడిగినాను. ఆమె నాపరాయి అంచు నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి, నాలుగో అడుగు దగ్గర నిలబడింది. నేను చిన్న రాయి తెచ్చి ఆమె పాదం పక్కన పెట్టినాను.

"ఇంకొంచెం ఇట్లా," అంది. జరిపినాను.

తర్వాత సున్నం కలిపి ముగ్గురం పూసినాం. తూర్పు పక్క ఎండకు అప్పుడే తెల్లగా ఆరుతోంది, పడమటి పక్క ఇంకా పచ్చిగా, బూడిద రంగులోనే ఉంది.